ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర

సోమవారం మధ్యాహ్నం రెండూ నలభైకి కౌన్సెలింగ్ సెంటర్ నుంచి స్టెల్లాకు ఫోన్ వచ్చింది. ఎత్తింది ఆమె భర్త ఇన్నయ్య. "మా ఆవిడ బానే ఉందండి, అలాంటియ్యేం అక్కర్లేదు" అని పెట్టేశాడు.

ఆ సమయానికి స్టెల్లా యానాం శివారు ప్లాంటులో రొయ్యలను సైజులవారీగా వేరుచేస్తోంది. అంతకుముందు వారంలో మూడుసార్లు పెద్దవీ చిన్నవీ ఒకే ట్రేలో వేసింది. సూపర్‌వైజర్ వరలక్ష్మి మెమో ఇవ్వకుండా, కష్టంలో ఉన్న ఉద్యోగుల కోసం కంపెనీ పెట్టిన కౌన్సెలింగుకు ఆమె పేరు పంపింది. "వెళ్ళి మాట్లాడు. నువ్వేం చెప్పినా ఆఫీసుకి రాదు, ఇంటికీ పోదు" అంది. ఫోన్ నంబరు మాత్రం ఫైల్లోంచి ఎక్కించింది. ఏడేళ్ళ కిందట పనిలో చేరేటప్పుడు ఆడవాళ్ళందరూ మొగుళ్ళ నంబర్లే ఇచ్చారు. స్టెల్లా సొంత ఫోను కొనుక్కుని మూడేళ్ళయింది. ఫైల్లో నంబరు మార్పించాలని ఎవరికీ తోచలేదు, ఆమెక్కూడా.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఇన్నయ్య అడిగాడు. "పిచ్చోళ్ళ డాక్టరుతో ఏం చెప్దామనే? ఇంట్లో కూడు పెట్టట్లేదనా?"

మంచం మీంచి అత్తగారు అందుకుంది. "మేం నలుగుర్ని కని పెంచాం. మాకెవడు ఫోన్ చేశాడే తల్లీ?"

ఆవిడ తుంటి విరిగి నాలుగు నెలలు. రోజూ నాలుగింటికి లేచి ఆవిణ్ణి కడిగి, వంట చేసి, ఏడున్నరకి ప్లాంటు బస్సెక్కేది స్టెల్లాయే. ఆమె లోపలికెళ్ళి ఉతికిన దుప్పటి తెచ్చింది. అత్తగారి పక్కబట్టలు మార్చాలి.

మంగళవారం వరలక్ష్మి పిలిచింది. "నువ్వే వద్దన్నావని కౌన్సెలింగ్ వాళ్ళు రాసి పంపారు. ఇప్పుడిక మెమో ఇవ్వాలి. ఇంకో తప్పు పడితే పనే పోద్ది."

"నేనొద్దన్లేదండీ."

"మరెవరన్నారు?"

చర్చిలో పాడటానికి రమ్మన్నప్పుడు ఆమెకు తీరిక లేదన్నది ఇన్నయ్యే. ట్రైనింగుకి కాకినాడ పంపుతామంటే ఆమెకు ఇష్టం లేదన్నదీ ఇన్నయ్యే. ఆ రెండు సంగతులూ స్టెల్లాకు తర్వాత ఇతరుల నోట తెలిశాయి. అప్పుడు కూడా ఊరుకుంది.

"కౌన్సెలింగుకి ఇంకో ఫారం ఇవ్వండి" అంది.

నంబరు గడిలో తన నంబరు వేసింది.

"పనిచేసే హాల్లోకి ఫోను రానివ్వరు. ఇంట్లో ఆయనుంటాడు. ఇంకెప్పుడు చెయ్యమంటావే వాళ్ళని?" అంది వరలక్ష్మి.

వీలైన సమయం అన్నచోట స్టెల్లా తమ భోజనాల వేళే వేసింది: ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర.

బుధవారం ఒంటిగంటా పదికి లాకర్ల గదిలో ఫోన్ మోగింది.

"స్టెల్లా గారేనాండీ?"

"ఆయ్, నేనేనండి."

పందొమ్మిది నిమిషాలు మాట్లాడింది. ఒంటిగంటన్నరకి బెల్లు కొట్టారు. క్యారేజీ మూత తీయకుండానే హాల్లోకి వెళ్ళింది.