జలుబు చేసిన పాట

పార్సిళ్ళు తెచ్చే మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నంతసేపూ కాజాలత్త తలుపు గొలుసు తియ్యలేదు. సందులోంచే చూసింది. చెప్పుల డబ్బాలో సగం ఉంటుంది పెట్టె. దాని నిండా ఎర్ర ముద్రలు, చీమలు బారులు తీరినట్టు ఏదో లిపి. ఆ చీమల నడుమ ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరు. కూతురి పేరు కాదు. అచ్చంగా తన పేరే, ఇంటిపేరుతో సహా.

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎక్కణ్ణుంచి బాబూ?"

"జపాన్ నుంచండీ. సంతకం పెట్టండి, ఇంకా పద్నాలుగు ఇళ్ళు తిరగాలి."

"జపాన్‌లో నాకెవరున్నారు?"

"నన్నడిగితే ఎలాగమ్మా? పంపినవాళ్ళకి మీరు తెలిసినట్టే ఉంది మరి."

ఆ ఒక్క మాటతో గొలుసు మీదున్న చెయ్యి బిగుసుకుపోయింది. చొక్కాలకు కాజాలు కుట్టి బతికే తన పేరు సముద్రాల అవతలివాళ్ళకు ఎందుకు తెలియాలి? ఆమె తాడును చూసి పామనుకునే రకం కాదు, తాడు లేనిచోట కూడా పామును చూడగల మనిషి. గ్యాసు కట్టేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకునేది. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రికి పట్టుకెళ్ళాల్సిన సంచి సర్దేది. పై అంతస్తు పిన్నికి ఇలాంటి కబుర్లు ఫోనులో పంపడమే పని. ఎవరికో విదేశం నుంచి పెట్టె వచ్చిందట, సంతకం పెట్టిందట, మర్నాడు పోలీసులమని ఫోను చేసి అందులో మత్తుమందు ఉందన్నారట. ఆ "అట"లన్నీ కాజాలత్తకు కంఠతా వచ్చు.

పోయిన ఏడాది ఇలాంటి భయంతోనే కూతురు పనిచేసే చోటికి ఒక్కరోజులో పదకొండుసార్లు ఫోను చేసింది. తీరా చూస్తే ఆ వచ్చింది పక్కింటివాళ్ళ మిక్సీ జాడీ. ఆ సాయంత్రం కూతురు చేతులు జోడించింది.

"అమ్మా, నీకో దణ్ణం. తెలియనిది ఏదొచ్చినా మాది కాదు, వద్దు అని రాసి వెనక్కి పంపెయ్. నాకు మాత్రం ఫోను చెయ్యకు."

చెప్పినట్టే చేసింది. బట్ట మీద గుర్తులు పెట్టే నల్ల కలం తెచ్చి, పెట్టెను సందులోంచే అందుకుని గోడకు ఆనించి, ఖాళీగా ఉన్న పక్కన "మాది కాదు. వద్దు." అని రాసింది. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా ఆమె అక్షరాలు ముత్యాలు. బళ్ళో ఆమెకు వచ్చిన ఒకే ఒక్క బహుమతి దస్తూరీకే. ఆ కంగారులోనూ ఒక్క సున్నా వంకర పోలేదు. కింద రెండు గీతలు కూడా గీసింది.

పెట్టె మెట్లు దిగి వెళ్ళిపోయాక మంచినీళ్ళు తాగి, తలుపు గొలుసు మళ్ళీ ఒకసారి చూసుకుంది.

కూతురు కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేసేది. ఆదివారం షాపుకు సెలవు. యజమాని తాళం ఆమె చేతికిచ్చేవాడు. మధ్యాహ్నం మూడింటికి అక్కడికి ఆరేడుగురు చేరేవారు. బేకరీలో పనిచేసే ఆవిడ, రిటైరైన బస్సు కండక్టరు, ఎవరో చెబితే విని కొత్తగా వచ్చినవాళ్ళు. వాళ్ళకామె జపాన్‌లో జపానువాళ్ళకే సరిగ్గా తెలియని బ్యాండ్లనూ పాటగాళ్ళనూ పరిచయం చేసేది. పగలు లారీలు బాగుచేసి సాయంత్రం డ్రమ్ములు వాయించే ముగ్గురు అన్నదమ్ములు. బడిలో గంట కొట్టే ఉద్యోగం చేసుకుంటూ ఒకే ఒక్క రికార్డు తెచ్చిన ముసలాయన. పేర్లు ముందు చెప్పేది కాదు. చూపు పరీక్షలో అద్దాలు మార్చి మార్చి అడిగినట్టే, రెండు పాటలు చెరో నిమిషం వినిపించి, "ఇదా, అదా? ఏది దగ్గరగా ఉంది?" అని అడిగేది. జవాబును బట్టి మూడోది, నాలుగోది. ఎవరి చెవికి ఎవరు కుదిరారో తేలాక అప్పుడు చీటీ మీద పేరు రాసిచ్చేది, అద్దాల చీటీ రాసిచ్చినట్టే. ఒక్క పాట వినిపించాలన్నా పాడినవాళ్ళకు ముందు జాబు రాసి, సరేనంటేనే వినిపించేది. మూడేళ్ళు కూర్చుని ఆ చీమల లిపి నేర్చుకుంది అందుకే.

"ఊరూ పేరూ లేనివాళ్ళ పాటలు ఊరూ పేరూ లేనివాళ్ళకి వినిపించి నువ్వు బావుకునేదేంటే?" అనేది కాజాలత్త.

"వాళ్ళకి ఊరూ ఉంది, పేరూ ఉంది. మనకి తెలీదు, అంతే."

"తెలియనివాళ్ళతోనేగా భయం."

ఒకే ఒక్క ఆదివారం ఆమె ఆ షాపుకు వెళ్ళింది, మర్చిపోయిన గొడుగు ఇవ్వడానికి. అప్పుడు మోగుతున్నది పడవల రేవులో టిక్కెట్లు అమ్మే ఒకావిడ పాట. ముప్ఫై ఏళ్ళ కిందట నలభై క్యాసెట్లు చేయించుకుని, అవి అమ్ముడుపోక, మళ్ళీ టిక్కెట్ల కిటికీలోకే వెళ్ళి కూర్చున్న మనిషి. కూతురికి అందరికన్నా ప్రాణం ఆవిడంటేనే. వినేవాళ్ళందరూ తలలు వాల్చుకుని కూర్చున్నారు.

"గొంతులో ఎంత వేదనో," అన్నాడు కండక్టరు. "ప్రేమించినవాడు వదిలేసి ఉంటాడు."

"వదలడమూ లేదు, పట్టుకోవడమూ లేదు," అంది కాజాలత్త గుమ్మంలోంచే. "ఆవిడకి జలుబు చేసింది. ఒంట్లో జ్వరం కూడా ఉంది. పాట మధ్యలో దగ్గు మింగుతోంది, వినబడట్లేదా? ఆ పిల్లకి కాసిని వేడినీళ్ళిచ్చే దిక్కు లేదా అక్కడ?"

షాపంతా గొల్లున నవ్వింది. కూతురు కూడా నవ్వింది. ఆ నవ్వు కాజాలత్త మనసులో ముల్లులా ఉండిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

పెట్టె వెనక్కి వెళ్ళిన వారానికి కూతురు, ఏదో మామూలుగా అన్నట్టు, "అమ్మా, ఈమధ్య ఏమైనా వచ్చిందా?" అంది.

"ఏం రాలేదు," అంది తల్లి. వెనక్కి పోయింది వచ్చినట్టు కాదు కదా అనుకుంది.

ఇంకో వారానికి మళ్ళీ అడిగింది. ఈసారి అడిగేటప్పుడు కూతురి పెదాల మీద నవ్వొకటి దాగి ఉంది, పుట్టినరోజు బహుమతి దాచిన చిన్నపిల్ల నవ్వు. అది చూశాక కాజాలత్తకు వెనక్కి పంపిన పెట్టె గుర్తొచ్చింది. అయినా నోరు, "రాలేదే," అంది. మూడోసారి అడిగినప్పుడు నవ్వు లేదు, జవాబు మాత్రం అదే. కాజాల దారం ముడిపడితే విప్పగలదు గానీ, ఈ ముడిలో కొస ఎక్కడుందో ఆమెకు తెలియలేదు.

రెండు నెలలయ్యాక ఒక సాయంత్రం కూతురు ఫోను పట్టుకుని మిషను పక్కకు వచ్చి కూర్చుంది.

"టిక్కెట్లావిడ అన్నకూతురు రాసింది. చదువుతా, విను."

చదివింది. పెట్టె తిరిగొచ్చిందట. చిరునామా తప్పేమో అనుకుంటున్నారట. కానీ పెట్టె మీద ఎవరో చాలా అందంగా ఏదో రాశారట. అత్తయ్య ఆ అట్టముక్క కత్తిరించి కిటికీలో పెట్టుకుందట. ఇది ఆ అమ్మగారి చేతిరాతేనా? ఏమని రాశారు? రోజూ అడుగుతోంది.

కింద ఫొటో ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు, రెండు గీతలు.

మిషను ఆగిపోయింది.

"అందులో ఏముందో తెలుసా?" కూతురి గొంతు పెరగలేదు. "నువ్వు జలుబన్నావు చూడు, ఆ మాట నేనావిడకి రాశాను. నిజమేనట. ఆ రోజు నూటరెండు జ్వరమట. స్టూడియో ఆ ఒక్కరోజే దొరికింది, వేరే దారి లేదట. ముప్ఫై ఏళ్ళలో విన్న ప్రతివాడూ వేదన, వేదన అన్నాడుట. జ్వరం అన్నది నువ్వొక్కదానివే. తన దగ్గర మిగిలిన ఆఖరి క్యాసెట్టు నీ పేరున పంపింది. కూతురికి కాదు, అమ్మకి అంది."

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదుటే?"

"చెబితే? పెట్టె వచ్చేదాకా నిద్రపోతావా, నన్ను పోనిస్తావా?"

కాజాలత్త సూదిలోని దారం తెంపింది.

"మూడుసార్లు అడిగానమ్మా."

కాజాలత్త కూతురి మోచెయ్యి పట్టుకుంది.

"నిజం రాయకే అమ్మలూ. పెద్దావిడ. జలుబు తగ్గిందా అని రాశానని చెప్పు. నేను అడగాల్సిందీ అదేగా."

"పాటల దగ్గర నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు."

"నా కోసం కాదు, ఆవిడ కోసం."

కూతురు ఫోను చేతిలోకి తీసుకుంది. తల్లి చెప్పిన మాటే రాసి పంపింది.

నాలుగోరోజే జవాబొచ్చింది. అత్తయ్య ఏడ్చిందట. మళ్ళీ పాడతానంటోందట. రేవులో పనిచేసేవాళ్ళు తలా కొంచెం వేసుకుని కొత్తగా నలభై క్యాసెట్లు చేయిస్తారట. పాట పేరే "జలుబు తగ్గిందా". అట్ట మీద బొమ్మ వద్దు, ఆ అమ్మ చేతిరాతనే అచ్చు వేస్తాం, అనుమతి ఇవ్వండి అని అడిగారు.

కూతురు చదవడం ముగించి తల్లి మొహంలోకి చూసింది.

"ఇవ్వమంటావా? నలభై అట్టల మీద. మాది కాదు, వద్దు. నా ఆదివారంవాళ్ళందరికీ తెలుగు వచ్చు."

కాజాలత్త ఒళ్ళో ఉన్న చొక్కాను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. జన్మంతా ఆమె భయపడినవాటిలో లిఫ్టు ఉంది, గ్యాసు ఉంది, అర్ధాంతరంగా మోగే ఫోను ఉంది. తన దస్తూరీ మాత్రం ఏనాడూ లేదు.

"నిజం రాసెయ్," అంది చివరికి.

కూతురు రాసింది. మొదటి మాటకు అర్థం, రెండో మాటకు అర్థం, తానాడిన అబద్ధం, అన్నీ. పది రోజులకు రెండే వరుసల జవాబు వచ్చింది. అన్నకూతురు కాదు, ఆవిడే రాసింది. సరే. ఇకమీద నా పాటలు మీ కొత్తవాళ్ళకు వినిపించకండి.

కూతురు ఆ రోజే పాటలన్నీ తీసేసింది. తల్లిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని కాజాలత్త కాచుకుని కూర్చుంది. తిట్టు పడితే తుడుచుకోవచ్చు. కూతురన్నది ఒక్కటే.

"వెనక్కి పంపమని నేర్పింది నేనే కదమ్మా. ఇకనుంచి నాకేమొచ్చినా షాపుకే వస్తుంది. నువ్వు తలుపు తియ్యక్కర్లేదు."

ఆ తర్వాత మూడో ఆదివారం కాజాలత్త ఎవరూ పిలవకుండానే షాపుకు వెళ్ళింది. లోపల కుర్చీలన్నీ నిండాయి, చూపు పరీక్ష చేసే ఎత్తు కుర్చీ ఒక్కటే ఖాళీ. అందులోనే కూర్చుంది, కాళ్ళు నేలకు అందకుండా.

కొత్తగా వచ్చిన ఒకాయన అడిగాడు, "మీకు ఈ పిచ్చి పట్టించింది ఎవరండీ? ముందు ఆ పాట పెట్టండి."

"పడవల రేవులో టిక్కెట్లు అమ్మే ఒకావిడ. ఇప్పుడు లేదు."

"అయ్యో, పోయిందా?"

"లేదండీ. వద్దంది."

కండక్టరు ఏదో అడగబోయి, ఎత్తు కుర్చీ వైపు చూసి ఊరుకున్నాడు.

కూతురు రెండు పాటలు వినిపించింది. ఇదా, అదా అంటూ ఒక్కొక్కరినీ అడుగుతూ వరసగా వచ్చింది. బేకరీ ఆవిడ మొదటిదంది. కొత్తాయన రెండోదన్నాడు. ఎత్తు కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలోని చీటీల కట్ట మీంచి తల ఎత్తలేదు.

"మీకు?"

రెండో పాటలో పాడేవాడు ఎడమవైపు ఏదో పన్ను నొప్పితో పాడుతున్నాడు. కాజాలత్తకు అది మొదటి వరసలోనే తెలిసింది. పాపం, ఆ పక్కకు మాటను పోనివ్వడం లేదు. చెబుదామని నోరు తెరిచింది. షాపంతా తన వైపే చూస్తోంది.

"నాకేం తెలుస్తుందమ్మా," అంది. "రెండూ ఒకలాగే ఉన్నాయి."

కూతురు ఆ చీటీ ఖాళీగానే కట్ట అడుక్కి తోసి పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళింది.