చేపల మేతకు తలుపు పరీక్ష

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురం: తాతయ్య, అమ్మ, అన్నయ్య, నేను. తాతయ్య ముక్కు కూడా ఉంది గానీ అది లేనట్టే లెక్క. ఏడేళ్ళ కిందట ఆయనకు వచ్చిన పెద్ద జ్వరం, పోతూ పోతూ వాసన తెలిసే గుణాన్ని కూడా పట్టుకుపోయింది.

తెల్లవారితే తాతయ్య పడవ సముద్రంలోకి వెళ్తుంది. అందులో పట్టేది ఇద్దరే. ఎప్పుడూ ఆయనతో వెళ్ళేది అన్నయ్యే. ఈసారి నేను వస్తానన్నాను. ఎంత చిన్నగా అన్నానంటే, అన్నయ్య "ఏంటే, దగ్గు వచ్చిందా?" అన్నాడు.

తాతయ్యకు మాత్రం వినిపించింది.

"దీనికి నోట్లో నాలుక లేదనుకున్నానురా! సరే పిల్లా, ఇవాళ మేత నువ్వు కలుపు. కుదిరితే నువ్వొస్తావు, లేదంటే మీ అన్న."

"కుదిరిందో లేదో నీకెలా తెలుస్తుంది తాతయ్యా? నీ ముక్కు ఉత్త అలంకారమేగా!" అన్నాడు అన్నయ్య.

"మీ అమ్మ లేదూ? వంటింటి తలుపు దబ్బున మూసిందంటే కుదిరినట్టే. ఏడేళ్ళుగా నాకు అదే ముక్కు."

ఆ మేత నీళ్ళలో చల్లితే, వాసన పట్టుకుని చేపలు పడవ దగ్గరికి వస్తాయి. చేప తలలు, పేగులు మెత్తగా చేసి, ఎండిన రొట్టె పొడి, చేపనూనె కలపాలి. మేత నీళ్ళలో కిందికి దిగడానికి గుప్పెడు ఇసుక కూడా వేయాలి.

పెరట్లో వంటింటి తలుపుకు ఎదురుగా పీట వేసుకున్నాను. మా ఇంట్లో మూడు నీళ్ళతో కడగందే చేపను వండరు. నా చేతులు అలవాటు కొద్దీ అదే చేశాయి. అన్నీ తళతళలాడేలా కడిగి, చేత్తో తిప్పే పాత మరలో వేసి తిప్పాను. పొడి, ఇసుక, కాస్త నూనె కలిపాను.

అమ్మ ఉల్లిపాయ వలుచుకుంటూ వచ్చి గుమ్మంలో తీరిగ్గా నిలబడింది.

"ఎంత శుభ్రంగా చేశావే! పొయ్యి మీద పెట్టేయొచ్చు."

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పెట్టెయ్యమ్మా! సముద్రానికి నేనెళ్తాలే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలెత్తి ఎవరినీ చూడలేక పక్కకు చూశాను. మా పిల్లి నా గిన్నె వైపు చూడనైనా చూడడం లేదు. మొక్కలకు పోద్దామని దాచిన బకెట్ చుట్టూ తోకెత్తుకుని తిరుగుతోంది. అందులో ఉన్నది నేను తలలు, పేగులు కడిగిన నీళ్ళు. వాసనంతా అక్కడే ఉంది!

గబగబా ఆ నీళ్ళు మేతలో పోశాను. మిగిలిన నూనె కూడా వంపేసి, మూత పెట్టి, ఎండకు కాలిన బండ మీద ఉంచాను. రెండు గంటలయ్యాక మూత తీస్తే అన్నయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. పిల్లి దగ్గరికొచ్చింది.

గిన్నె రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాకా నడిచాను.

"అమ్మా!" అని గట్టిగా పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఒక్కసారి చూడవా?"

అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఛీ ఛీ! తలంటుకుంటే గానీ ఈ గడప తొక్కకు!"

పెరట్లో ఓ మూల కూర్చున్న తాతయ్య తన పీట మీంచి సగం లేచి చెవి ఒగ్గాడు.

దబ్బున నా ముఖం మీదే తలుపు మూసుకుంది. లోపల గొళ్ళెం కూడా పడింది.