చెల్లెలి ముద్ద, అక్క కడుపు

మధ్యాహ్నం పరదాల కొట్టులో చెల్లెలు క్యారేజీ విప్పి తినడం మొదలుపెడితే, రెండు వీధుల అవతల ఇంట్లో పరదా అంచులు కుట్టే అక్క సూది పక్కన పెట్టి తృప్తిగా త్రేన్చేది. చిన్నప్పుడు మంచినీళ్ళనుకుని బట్టలు ఉతికే సోడా నీళ్ళు తాగి కాల్చుకున్నప్పటి నుంచి అక్క గొంతులో నీటిచుక్కలు తప్ప ఏమీ దిగవు. చెల్లెలు తింటుంది, అక్క కడుపు నిండుతుంది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. "ఏమ్మా, ఇవాళ మీ అక్కకేం పెట్టావు?" అని కొట్టు యజమాని కూడా అడిగేవాడు.

చెల్లెలికి మాత్రం కడుపు నిండడమంటే ఏమిటో తెలియదు. ఎంత తిన్నా కొవ్వు తనకి, తృప్తి అక్కకి. అక్క త్రేన్పు కొట్టుదాకా వినపడదు కదా! అందుకని ఎందుకైనా మంచిదని ఇంకో నాలుగు ముద్దలు ఎక్కువే లాగించేది. అలా లాగించీ లాగించీ నలభై దాటేసరికి కిటికీ కొలతలకి నిచ్చెన ఎక్కడం మానేయాల్సి వచ్చింది. ఒకరోజు గుడ్డల మూట ఎత్తబోయి కూలబడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

"గుండె అలిసిపోయిందమ్మా. ఇలాగే ఉంటే ఈ బరువు ఎక్కువ కాలం మోయలేదు," అంది డాక్టరమ్మ. "కోతా లేదు, సూదీ లేదు. తల మీద చట్రం పెట్టి అయస్కాంతంతో తడతాం. 'ఇక చాలు' అని చెప్పాల్సిన చోటు మీ మెదడులో నిద్రపోతోంది. దాన్ని లేపుతాం."

"మరి మా అక్క?"

డాక్టరమ్మ మంచం పక్కనే నిలబడ్డ అక్క వైపు చూసి తల దించుకుంది. ఆవిడకీ సంగతి తెలుసు. "అది మీరిద్దరే తేల్చుకోవాలి."

"తేల్చుకునేదేముంది," అంది అక్క. "నా సంగతి నేను చూసుకుంటాను. దాన్ని కూర్చోబెట్టండి."

మిషను నెత్తిమీద వడ్రంగిపిట్టలా టకటకలాడేది. కొన్నాళ్ళు ఏ తేడా తెలియలేదు. తర్వాత ఒక సాయంత్రం కంచంలో సగం ఉండగానే చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. పొట్టలో ఏదో వెచ్చగా సర్దుకుని కూర్చుంది. ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్కా, ఇంత బాగుంటుందా?"

"ఏది?"

"కడుపు నిండితే."

అక్క తలెత్తింది. ముఖం పాలిపోయి ఉంది. "బాగుంటుందే," అంది. "ఇన్నేళ్ళూ నీది కూడా నేనే అనుభవించాను."

అక్క కడుపు ఖాళీ అయిపోయిందని అప్పుడు అర్థమైంది చెల్లెలికి. ఆ రోజు నుంచి మిషను ముఖం చూడలేదు. పొద్దున్నే కంచం ముందేసుకుని మునుపటిలా మింగడానికి కూర్చునేది. నాలుగు ముద్దలకే చాలనిపించేది. పట్టుబట్టి కుక్కుకుంటే అంతా వాంతి అయ్యేది. నిండిన కడుపు మళ్ళీ అక్క దగ్గరికి పోలేదు. అక్క తడిగుడ్డతో ఆమె మూతి తుడిచింది.

"నాకు ఆకలేస్తోందే," అంది వింతగా. "పేగులు మెలిపెట్టినట్టు... ఇలాగే ఉంటుందా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ దీన్ని నువ్వొక్కదానివే భరించావా?"

"అలవాటైపోయిందిలే."

"ఒక్కసారైనా చెప్పొచ్చు కదే, మొద్దూ!"

"చెబితే నీ కోసం నన్ను తిననిచ్చేదానివా?"

అక్క ఆమెని దగ్గరికి తీసుకుని భోరుమంది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఏడ్చారు.

ఆస్పత్రిలో గొట్టంతో పోసిన పాలు అక్క ఒంట్లో నిలవలేదు. వానలు తగ్గకముందే పోయింది. పరుపు మీంచి అక్కని చెల్లెలు ఒక్కతే రెండు చేతులతో ఎత్తుకుంది. ఆయాసం కూడా రాలేదు. రానందుకు ఏడ్చింది.

తర్వాత పరీక్షకి వెళితే డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "గుండె బాగా కోలుకుంది. ఇంక భయం లేదు."

"ఆ చోటుని మళ్ళీ నిద్రపుచ్చగలరా?"

"ఇప్పుడెందుకమ్మా?"

చెల్లెలు లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి కొంచెం వడ్డించుకుంది. ఏడుస్తూనే తింది. నాలుగో ముద్దకి కడుపు నిండింది. ఏడుపు ఆగలేదు గానీ, ఆ హాయి మాత్రం ఒళ్ళంతా పాకింది. వద్దనుకున్నా దాన్ని ఆపడం ఆమె చేత కాలేదు.