మెస్ కూర మీద ఫిర్యాదు

వైదేహి దుబాయ్‌లో సర్కారు టీవీ వాళ్ల ఆన్‌లైన్ విభాగంలో పనిచేసేది. 2017లో ఆ విభాగానికి కొత్త నియమాలు వచ్చాయి. టీవీలో ఒకసారి వచ్చి పోయే కార్యక్రమం వేరు, కావలసినప్పుడల్లా ఫోన్లో పెట్టుకుని చూసేది వేరు. అందుకని ఆన్‌లైన్‌లో ఉన్నవాటి మీద ఎవరు ఫిర్యాదు చేసినా విచారించి జవాబు చెప్పి తీరాలన్నారు. తెలుగు, హిందీ ఫిర్యాదులు వైదేహి వాటాకు వచ్చాయి.

మొదటి తెలుగు ఫిర్యాదు పోశయ్యది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి జెబెల్ అలీ గోదాములో పనిచేస్తున్నాడు.

"మేడం, గా వీడియో తీసెయ్యున్రి. నా సంసారం ఖరాబైతున్నది," అన్నాడు ఫోన్లో.

అది కార్మికుల జీవితం మీద తీసిన కార్యక్రమం. ఇంటి భోజనం గుర్తొస్తుందా అని యాంకర్ అడిగితే పోశయ్య నవ్వుతూ, "అబద్ధమెందుకు సార్, మా ఇంటామె కూర కన్నా మెస్ కూరనే నయం," అన్నాడు.

"టీవీల అచ్చిననాడు ఎవలు సూడలె మేడం. ఇప్పుడు ఫోన్ల ఉన్నదాయె. మా ఇంటామె లక్ష్మవ్వ రోజు పెట్టుకొని సూస్తున్నది. వాడకట్టోళ్లను పిలిచి సూపిస్తున్నది. నేను ఫోన్ జేస్తే మాత్రం ఎత్తుతలేదు."

వైదేహి నవ్వు ఆపుకుంది. మాటలు కత్తిరించి అర్థం మార్చి ఉంటే వీడియో తీసెయ్యవచ్చని నియమం. ఆ ఆశతోనే షూటింగ్ నాటి పూర్తి రికార్డింగు తెప్పించుకుని చూసింది. కత్తిరింపు ఉంది గానీ, పోశయ్యకు మేలు చేసిన కత్తిరింపు. అసలు దాంట్లో ఆయన భార్య వండే పప్పుకు కూడా వంకలు పెట్టాడు.

పైఅధికారి ఖాదర్ హుస్సేన్‌ది హైదరాబాదు. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"తీసెయ్యడానికి లేదమ్మా. ఇయ్యాల ఒక భార్య అలిగిందని తీస్తే, రేపు ఒక కంపెనీ నడిపే ముదీర్ ఫోన్ చేసి నా ఇజ్జత్ పోయింది, తీసెయ్ అంటడు. అప్పుడేం చెప్తవ్?"

"మరి ఈయన సంగతేంటండి?"

"జవాబు చెప్పుకునే హక్కుంది కదా. ఆయన మాట రికార్డు చేసి ఆ వీడియో పక్కనే పెట్టు. ఖలాస్."

శుక్రవారం వైదేహి కెమెరామన్‌ని తీసుకుని పోశయ్య ఉండే క్యాంపుకి వెళ్లింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. చెప్పాల్సింది ముందే బట్టీ పట్టాడు.

"మా ఆమె వంట అమృతం..."

వైదేహి కెమెరా ఆపించింది. "అది అబద్ధం కదండీ పోశయ్యగారూ. ఆవిడకీ తెలిసిపోతుంది."

పోశయ్య బట్టీ పట్టింది వదిలేశాడు. తర్వాత కెమెరాతో కాకుండా నిజంగా ఎదురుగా భార్యే ఉన్నట్టు మొదలుపెట్టాడు.

"లచ్చవ్వా, నేనన్న మాట నిజమే. గని మెస్ల వండెటాయనకు వండుడొక్కటే పని. నువ్వు పొద్దుందాక పొలంల చేసి అచ్చి, అలిసిపోయి పొయ్యి ముట్టిచ్చేటిదానివి. నేను గడపల కూసోని కారమెక్కువైందన్న గని, ఏనాడు ఒక్క ఉల్లిగడ్డ కోసియ్యలె. టీవీల గీ ముచ్చట గూడ చెప్పేదుండె. చెప్పలె."

అంతే. వైదేహి ఒక్క ముక్క కూడా తీయించకుండా పాత వీడియో పక్కన పెట్టించింది.

తర్వాతి వారం పోశయ్యే ఫోన్ చేశాడు. లక్ష్మవ్వ మాట్లాడిందట.

"ఏమన్నారండీ?"

"పాత వీడియో తీపియ్యొద్దన్నది మేడం. రెండు పక్కపక్కనే ఉండాల్నట. నేను సుట్టీకి ఇంటికి పోయినన్ని రోజులు వంట నేనే చెయ్యాల్నట."

"మీకు వంట వచ్చా?"

"రాదు. మెస్ల ఆయన దగ్గర నేర్సుకుంటున్న. మొన్న కోడికూర మాడింది. అందరు తిన్నరు గని ఎవ్వలు ఏమనలె."

ఈసారి వైదేహి నవ్వు ఆపుకోలేదు. అవతల పోశయ్య కూడా నవ్వాడు.