ఏమోనమ్మ

ఆ పేరు పెట్టింది నేనే. మా తోడికోడలు ఏ పని చేసినా ముందు "ఏమో" అంటుంది. ఒకసారి కొలిచి "ఏమో, ఇంకోసారి చూద్దాం" అంటుంది. రెండోసారి కొలిచి పక్కవాళ్ళను పిలుస్తుంది. అందుకే ఏమోనమ్మ అన్నాను. కర్టెన్లు కుట్టే మా కార్ఖానా అంతా ఆ పేరు పట్టుకుంది. అది మాత్రం నవ్వి ఊరుకుంది. ఉడుక్కుని ఉంటే నాకు కాస్త చల్లగా ఉండేది.

కత్తెర పట్టడం దానికి నేర్పింది నేను. మా మరిదిని చేసుకుని వచ్చిన కొత్తలో దానికి బొత్తాం కుట్టడం కూడా రాదు. నేనే పనిలో పెట్టించాను. అలాంటిది, పాత కటింగ్ మాస్టరు కళ్ళు ఆనక పని మానేస్తే, ఓనరమ్మ ఆ పెద్ద కత్తెర తీసుకెళ్ళి దాని చేతిలో పెట్టింది. పదహారేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న నేను అందరితోపాటు చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ రెండు గ్లాసులకు సొట్టలు పెట్టాను. "ఏమైందే?" అని మా ఆయన అడిగితే, "ఏమీ కాలేదు" అని మూడోది విసిరాను.

కడుపు మండిపోయింది మరి. నేను గుడ్డ చూడగానే కోసేస్తాను. ఎవరినీ అడగను. అడిగితే మనకు రాదని ఒప్పుకున్నట్టే కదా! అది మాస్టరై ఏడు నెలలైనా, ప్రతి కోతకూ ముందు బల్ల చుట్టూ తిరిగి అందరినీ అడుగుతుంది. నేను మాత్రం అది అడక్కముందే మొదలుపెట్టేదాన్ని. గీత వంకర పోయిందనో, అంచు మడవడానికి గుడ్డ చాలదనో, నలుగురికీ వినపడేలా అనేదాన్ని. "అవునక్కా" అని దిద్దుకునేది. నేను తప్పు చూపించిన ప్రతిసారీ దాని పని బాగుపడేదే గాని పరువు పోయేది కాదు. అదీ నా ఏడుపు.

ఇలా ఉండగా ఒక వారం నాటకశాలకు తెర కుట్టే పని వచ్చింది. ముదురు ఎరుపు వెల్వెట్. గుడ్డ వాళ్ళే పంపారు. పాడైతే మళ్ళీ ఆ రంగు దొరకదు. శనివారానికి తెర వేలాడాలి. మా దగ్గర అంతకుముందు ఎవరూ వెల్వెట్ కోసి ఎరగరు. ఏమోనమ్మ మామూలు నూలుగుడ్డకు గీసినట్టే సుద్దతో గీసింది. ముక్కలన్నీ పైన సన్నం, కింద వెడల్పు. అందుకని ఒకటి నిటారుగా, దాని పక్కది తలకిందులుగా గీసింది. అలా గీస్తే గుడ్డ మిగులుతుంది. ఓనరమ్మ చూసి మురిసిపోయింది.

నేను బల్ల మీద అరచెయ్యి పెట్టి నిమిరాను. అటు నున్నగా ఉంది, ఇటు గరుగ్గా ఉంది. వెల్వెట్‌కు ఒక వైపుకు వాలిన నూగు ఉంటుంది. ముక్కలన్నిటి నూగూ ఒకే వైపు ఉండాలని దర్జీ పనిచేసే మా నాన్న చిన్నప్పుడే చెప్పాడు. తలకిందులైన ముక్క దీపాల వెలుగులో వేరే రంగులా కనిపిస్తుంది. తెరంతా చారలు చారలుగా ఉంటుంది. కోసేశాక దిద్దడానికి దారి లేదు.

చెయ్యి తీసేశాను. లోపల చల్లగా అనిపించింది. కోయనీ. శనివారం తెర వేలాడితే, సోమవారానికి ఆ కత్తెర నా చేతికొస్తుంది.

"నేనేమైనా మర్చిపోయానా?" అని ఏమోనమ్మ అలవాటు ప్రకారం అందరినీ అడిగింది. అందరూ బాగుందన్నారు. చివరికి నా దగ్గరికొచ్చింది.

"నువ్వు చూశావా అక్కా?"

"చూశా."

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది. కొయ్యి."

కత్తెర తెరిచి గుడ్డ అంచుకు ఆనించింది. అంతలో తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఒక్క తప్పు కూడా లేదా?"

"లేదన్నానుగా! ఎన్నిసార్లు చెప్పాలి?"

కత్తెర బల్ల మీద పెట్టేసింది. "అయితే నేను కోయను. భయమేస్తోంది. ఈ ఏడు నెలల్లో నా పనిలో నీకు తప్పు కనపడని రోజు ఒక్కటీ లేదక్కా."

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. "టైమైపోతోంది, మొదలెట్టమ్మా" అంది ఓనరమ్మ. ఏమోనమ్మ కదల్లేదు. నా వైపే చూస్తూ నిలబడింది. నా కుళ్ళు మీద దానికి అంత నమ్మకమని అప్పటిదాకా నాకు తెలియదు.

"తలకిందులుగా గీసినవి చెరిపెయ్యి" అన్నాను. దాని చెయ్యి లాక్కుని గుడ్డ మీద అటూ ఇటూ నిమిరించాను. దాని మొహం పాలిపోయింది. అందరం కలిసి సుద్ద దులిపాం, మళ్ళీ గీశాం. గుడ్డ అంగుళం మిగలకుండా సరిపోయింది. "అక్క పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే మునిగేవాళ్ళం" అని ఏమోనమ్మ ఓనరమ్మతో చెప్పింది. ఓనరమ్మ నా భుజం తట్టింది. ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది.

సాయంత్రం ఇద్దరం ఇంటికి నడుస్తున్నాం. నాకు ఉండబట్టలేదు.

"ఆ తప్పు నేను ముందే చూశానని నీకు తెలుసు కదా?"

అది చేతిలో సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"నీ పని పోవాలనే నోరు మూసుకున్నానని కూడా తెలుసు కదా?"

"ఏమో అక్కా" అంది. "నేనే పొరపాటు పడుతున్నానేమో అనుకున్నా."

దాని గురించి నేను ఏనాడూ అలా అనుకోలేదు. అది కాకా పట్టి కత్తెర కొట్టేసిందనీ, లోపల్లోపల నన్ను చూసి నవ్వుకుంటోందనీ ఖాయం చేసుకున్నాను. ఏడు నెలల్లో ఒక్కసారైనా "ఏమో" అనుకోలేదు. కత్తెర మీద పడ్డ ఏడుపు చాలక, ఇప్పుడు ఆ మాట మీద కూడా ఏడుపే వచ్చింది నాకు.

"ఆ సంచి ఇలా ఇవ్వు, నేను మోస్తా" అన్నాను విసుగ్గా.