ధనుంజయరావు గుమ్మం ముందు పసుపు మొహాలు

కండువా మార్చడం తేలిక. మెడలోది తీసి పక్కన పడేసి, ఇంకోటి వేయించుకుంటే పని అయిపోయింది. ధనుంజయరావుకి చిక్కొచ్చింది ఆ తర్వాతే. పుట్టినప్పట్నుంచీ పసుపు పార్టీలో తిరిగినోడు నీలం పార్టీలోకొచ్చి, రాగానే మండల అధ్యక్ష పదవి అడిగాడు. ఇన్‌చార్జి వెంకట్రామయ్య ఔననలేదు, కాదనలేదు. "మీ ఇంటికొచ్చి కాఫీ తాగి చెప్తాలే బావా" అన్నాడు.

కాఫీకి కాదు ఆ రావడం. మనిషిని నమ్మచ్చో లేదో చూట్టానికి.

అందుకని గుమ్మం ముందు నీలం పూలు పూయించాలని పెట్టుకున్నాడు ధనుంజయరావు. చలికాలం పూసే పాన్సీలంట, అచ్చం మనిషి మొహంలాగుంటాయంట, ఫోన్లో చూశాడు. చూసిందే తడవు పార్టీ గ్రూపులో పెట్టేశాడు, మా వాకిట్లో మన జెండా పూయబోతోందని. అప్పటికింకా మొక్క కొనలేదు.

సత్తెనపల్లి రోడ్డులో నర్సరీ పెట్టుకున్న ఐజాజ్ ఉన్నమాట చెప్పాడు.

"నీలమే కావాలంటే ఒక పువ్వన్నా విచ్చిన మొక్క తీసుకో బాబాయ్. ఈ ట్రేలో ఉంది కలగలుపు నారు. ఏ రంగొస్తదో నాకే తెలవదు."

ధనుంజయరావు మిరప రైతు. ఆయన మిరప నారు చూసి ఇది నిలబడుద్ది, ఇది పడుకుంటదని చెప్తే చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎదురు చెప్పేవాడు లేడు. నవ్వాడు.

"ఒరేయ్ ఐజాజూ, పూతకొచ్చిన నారు ఎవడన్నా నాటతాడంట్రా? మొక్క పొట్టిగుండాల, కాండం లావుండాల, మొగ్గనేది కనపడకూడదు."

"అది మిరపకి బాబాయ్. మిరపకాయ ఎటు తిరిగీ ఎర్రగానే పండుద్ది."

"రంగుదేముందిరా? ముదురాకుంటే నీలం పూస్తది, లేతాకుంటే పసుపు పూస్తది."

"అట్టాగని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేందిరా, అనుభవం!"

ముదురాకు మొక్కలన్నీ ఏరి ఆటోలో వేయించుకున్నాడు.

సాకడం మాత్రం బాగా సాకాడు, అబద్ధం చెప్పకూడదు. మట్టి గుల్ల చేసి మాగిన పేడ ఎరువు కలిపాడు. యూరియా వేస్తే ఆకే తప్ప పువ్వు రాదని దాని జోలికి పోలేదు. పొద్దున్నే ఆకు తడవకుండా మొదట్లోనే నీళ్ళు పోశాడు. మధ్యాహ్నం ఎండ తగలకుండా పైన పచ్చ వల కట్టాడు.

"నాకు జొరమొస్తే గ్లాసుడు నీళ్ళివ్వని మనిషి, ఈటికి చెంబుతో పోస్తున్నాడు చూడండమ్మా" అని ఆయన భార్య అన్నపూర్ణ వీధిలో అందరికీ చెప్పింది.

మొదటి పువ్వు విచ్చింది. పసుపు.

రెండోదీ పసుపే. వారం తిరిగేసరికి వాకిలంతా పసుపు మొహాలు. ఒక మూల రెండు మాత్రం నీలంగా, తప్పిపోయొచ్చినట్టు నిలబడ్డాయి.

"ఇన్నేళ్ళు ఆ పార్టీకే నీళ్ళు పోసిన చెయ్యి" అంది అన్నపూర్ణ. "ఇంకో రంగు ఎట్టా పూస్తదయ్యా?"

"నోరు ముయ్యవే. అన్నీ పీకి పారేస్తా."

"పీకు. గ్రూపులో జెండా అన్నావుగా, వచ్చినోళ్ళకి గుంటలు చూపిద్దువు గానీ. అంతకంటే పోయి ఆ ఐజాజ్ దగ్గర పూసినవి తెచ్చుకోరాదా?"

తెచ్చుకోవచ్చు. ఐజాజ్ మొహం ఎట్టా చూసేది?

అందుకని పువ్వులు తుంచడం మొదలుపెట్టాడు. ఇంకా వెలుగు రాకముందే లుంగీ ఎగ్గట్టి, పసుపు కనపడితే గిల్లి జేబులో వేసుకునేవాడు. గిల్లేకొద్దీ మొక్కలు పక్కకి చీలి గుబురుగా తయారైనయి. ఒకటి తుంచితే నాలుగు మొగ్గలు. చివరికి ఉండబట్టలేక ఐజాజ్‌కి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఇక్కడ ఒకాయన అడుగుతున్నాడు. పాన్సీ పూలు తుంచేకొద్దీ ఎక్కువైతున్నాయంట, ఎందుకని?"

"విత్తనం కట్టనీకుండా తుంచితే అది పూస్తానే ఉంటది బాబాయ్. ఆయనెవరో చానా బాగా చేస్తున్నాడు. ఆపొద్దని చెప్పు."

ధనుంజయరావు ఫోన్ పెట్టేశాడు.

వెంకట్రామయ్య రేపంటే మాపన్నాడు. ఒకసారి మీటింగ్ అడ్డమొచ్చింది, ఒకసారి ఎవరో పోయారు. ఆఖరికి పొద్దున్నే వస్తానని, అన్నాలు తిన్నాక వచ్చాడు. తెల్లారి తుంచిన పాదు అప్పటికి మళ్ళీ విచ్చుకుని కూర్చుంది.

కారు దిగిన ఇన్‌చార్జి అక్కడే ఆగిపోయాడు. వెనక జనమూ ఆగారు. ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"ఇదేనా బావా, నువ్వు పూయిస్తానన్న జెండా?"

"నకిలీ విత్తనం బావగారూ!" అన్నాడు ధనుంజయరావు. పంట పోయినప్పుడల్లా అనే మాట, అదే నోటికొచ్చింది. "వాడి మీద కేసేస్తా!"

వెంకట్రామయ్య నవ్వలేదు. జనాన్ని బయటే ఉండమని లోపలికొచ్చి, తలుపు తనే దగ్గరికేశాడు. పదవి పోయిందనుకున్నాడు ధనుంజయరావు.

"నీ గుండె గట్టిదే" అన్నాడు వెంకట్రామయ్య గొంతు తగ్గించి. "నేను కాఫీకొస్తానని తెలిసీ గుమ్మంలో వాళ్ళ రంగు పరిచావంటే, అక్కడ నీకింకా బాగానే నడుస్తోందన్నమాట."

"దేవుడి తోడు బావగారూ, నాకూ వాళ్ళకీ..."

"నాకాడ దాయబాకు. వచ్చే నెల నేనూ అటే పోదామనుకుంటన్నా. మీ పెద్దాయన చెవిలో నా గురించి ఒక మాట వెయ్యి."

ఆ పెద్దాయన ధనుంజయరావు నంబర్ బ్లాక్ చేసి చానా రోజులైంది. ఆ సంగతి ఇప్పుడు చెప్పేదెట్టా?

"వేస్తా" అన్నాడు ధనుంజయరావు. "మరి నా మండల అధ్యక్ష పదవి బావగారూ?"

వెంకట్రామయ్య అన్నపూర్ణ పెట్టిపోయిన కాఫీ ఊదుకుంటూ తలెత్తి చూశాడు.

"ఏ పార్టీలో బావా?"

లోపల వంటింట్లో అన్నపూర్ణ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుంది.