కరెంటు ఫారంలో ఐదో మనిషి

కువైట్‌లోని ఖైతాన్‌లో రొట్టెల బట్టీ పక్కనున్న పాత బిల్డింగులో, మూడో అంతస్తులో గురప్ప ఉంటాడు. తెల్లారకముందే లేస్తాడు. బట్టీలో వేడివేడి ఖుబ్జులు రెండు కొని, ఒకటి బస్సు వచ్చేలోపే తినేస్తాడు. షువైఖ్‌లో బియ్యం గోదాములో దిగి బస్తాలు మోస్తాడు. సాయంత్రం తిరిగొచ్చి, స్నానం చేసి, వంట వంతు తనదైతే వండుతాడు, కాకపోతే తిని పడుకుంటాడు. పన్నెండేళ్ళుగా ఇదే వరస. ఇందులో చెప్పుకోవడానికి ఏముంది అంటారేమో, ఉంది. గురప్ప వెంట ఒక గాలి ఉంటుంది.

అది కోడూరు మామిడితోటల గాలి. ఆయన మొదటిసారి కువైట్‌కి బయల్దేరిన రోజు బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చింది, మళ్ళీ వెనక్కి పోలేదు. విమానంలో పక్క సీటాయన రెండు దుప్పట్లు అడిగి కప్పుకున్నాడు. అప్పట్నించీ ఆయనెటు పోతే అది అటే. జూలై ఎండలో గురప్ప పక్క వరసలో మోయడానికి గోదాములో బెంగాలీలు, నేపాలీలు వంతులు వేసుకుంటారు. మాఘమాసంలో అయితే మామిడిపూత వాసన కూడా వేస్తుంది.

ఫ్లాట్‌లో ఆయనతో పాటు ఇంకో ముగ్గురున్నారు. టాక్సీ నడిపే ఆంజి, హోటల్లో వంట చేసే అమలాపురం సూరిబాబు, అతని బావమరిది వెంకీ. నలుగురిలో ఏ ఒక్కరూ ఏనాడూ ఏసీ ఊసెత్తలేదు. ఏసీ పెట్టాల్సిన కిటికీ కన్నంలో పావురం గూడు కట్టుకుని మూడు తరాల పిల్లల్ని లేపింది. గురప్పకైతే చెమటంటే ఏమిటో కూడా సరిగ్గా గుర్తులేదు.

అట్లాంటి ఇంటికి ఏప్రిల్ ఇరవయ్యారో తారీఖున ముప్ఫైఎనిమిది దినార్ల కరెంటు బిల్లు వచ్చింది.

వచ్చింది అనకూడదు, పోయింది అనాలి. గోదాములో మధ్యాహ్నం టీ తాగుతుంటే ఫోను టింగుమంది. బ్యాంకు ఖాతాలోంచి ముప్ఫైఎనిమిది దినార్లు కరెంటు కంపెనీకి వాటంతటవే వెళ్ళిపోయాయని మెసేజి. పోయిన నెల దాకా నాలుగు దినార్లు పోయేవి, తలా ఒక దినారు ఇచ్చుకునేవాళ్ళు. గురప్ప ఆ అంకెను ఎగాదిగా చూశాడు. అద్దం మీద మరక ఉందేమోనని చొక్కాతో తుడిచి మళ్ళీ చూశాడు. ముప్ఫైఎనిమిదే.

"రెండు లైట్లు, ఒక ఫ్రిజ్జు. దానికింతనా? ఫ్రిజ్జులో ఏమన్నా ఏనుగును పెట్టినామా?" అన్నాడు ఆంజి సాయంత్రం.

"ఫారం నింపింది మీరే కదండీ గురప్పగారూ, మీకే తెలియాలి మరి," అన్నాడు సూరిబాబు, కూర కలబెడుతూ. సూరిబాబు ఎంత మెత్తగా మాట్లాడితే అంత తప్పించుకుంటున్నాడని అర్థం.

ఫారం నింపింది గురప్పే, నిజం. కిందటేడు బిల్డింగు యజమాని కరెంటు వ్యవహారమంతా ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించాడు. ఫ్లాటుకొకరు ఫారం నింపాలి, వాళ్ళ ఖాతాలోంచి నెలనెలా డబ్బు కట్ అవుతుంది. 'అందరికంటే పెద్దోనివి, నీ పేరు మీదే పెట్టు మామా' అని ఆంజి అనగానే గురప్ప ఉబ్బిపోయి సంతకం పెట్టేశాడు. ఆ సంతకమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మే నెలలో మళ్ళీ ముప్ఫైఎనిమిది పోయింది. ఈసారి గురప్ప వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఆయన జీతం నూటనలభై. ఇంటికి పంపగా, బాడుగ, తిండి పోగా మిగిలేది విమానం టికెట్టు కోసం దాస్తున్నాడు. నాలుగేళ్ళ తర్వాత ఆగస్టు ఎనిమిదిన నలభై రోజుల సెలవు ఖాయమైంది. ఈసారి పోకపోతే మళ్ళీ రెండేళ్ళ దాకా లేదని గోదాము పెద్ద, ముదీర్, తేల్చి చెప్పాడు. గురప్ప పోయినసారి వచ్చేటప్పుడు కూతురు వెంకటేశ్వరికి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు పన్నెండు. మొదట్లో ఫోను లాక్కుని మాట్లాడేది. తర్వాత పిలిస్తే వచ్చేది. ఇప్పుడు వాళ్ళమ్మ గంగారత్నం చేతిలో ఫోను పెడితే "ఊ" అని, "బాగుండా" అని, వెనక్కి ఇచ్చేస్తుంది.

"ఈసారి పోకుంటే ఆ పిల్ల నన్ను మర్చిపోతాది రా," అన్నాడు గురప్ప ఆంజితో. దాచుకోకుండా అనేశాడు. గాలి కూడా ఆ మాటకి కాసేపు ఆగింది.

కంపెనీకి ఫోను చేశాడు. అరబ్బీకి ఒకటి నొక్కమంది, ఇంగ్లీషుకి రెండు, హిందీకి మూడు. మూడు నొక్కాడు. ఫిర్యాదుకి ఐదు నొక్కమంది. ఐదు నొక్కితే పాట వచ్చింది. పాట అయ్యాక మీరు నొక్కింది సరికాదంది. మళ్ళీ నొక్కాడు. నాలుగోసారికి మనిషి దొరికాడు, "బుక్రా, బుక్రా" అని పెట్టేశాడు. రేపంటే ఏ రేపో ఎవరికి తెలుసు! తొమ్మిది రోజులు గడిచాక ఒక శుక్రవారం పొద్దున తలుపు తట్టారు.

వచ్చినవాడు మీటర్లు చూసే అబ్దుల్ సలాం, ఊరు రాయచోటి. చెమటతో తడిసి ముద్దయ్యాడు. లోపలికి అడుగుపెట్టి, కళ్ళు మూసుకుని నిలబడిపోయాడు.

"యా అల్లా... ఇది కోడూరు పక్క గాలి గదన్నా?"

"ఔనప్పా, అదే. కూర్చో, టీ తాగుదువు."

అబ్దుల్ సలాం కూర్చున్నాడు. రెండు టీలు తాగాడు. మీటరు చూశాడు, పావురాన్ని చూశాడు, నలుగురినీ చూశాడు. చేతిలో పలకలాంటి ఫోన్లో ఏదో రాయబోయి, తల గోక్కున్నాడు.

"అన్నా, ఇల్లు చల్లగుందా అని అడుగుతాంది. చల్లగుండాదని కొట్టినా. ఏసీలు ఎన్ని అంటాంది. సున్నా కొడితే తీసుకోదు. ఎర్రగా అరుస్తాంది."

"మరి గాలి అని రాయప్పా."

"గాలికి గడి లేదన్నా దీంట్లో." పాపం, వాడు నిజంగానే చాలాసేపు వెతికాడు. చివరికి మనసొప్పక మనసొప్పక, గదులెన్నో అన్ని ఏసీలని నాలుగు కొట్టాడు. "ఏమనుకోవద్దన్నా, ఏదో ఒకటి కొట్టకుంటే నన్ను తర్వాతి ఇంటికి పోనీయదు ఇది," అని చెప్పి, పోలేక పోలేక పోయాడు.

జూన్ ఇరవయ్యారున యాభైరెండు దినార్లు పోయాయి.

గురప్పకి ఇక ఏమీ అర్థం కాలేదు. తక్కువ చెయ్యమని పిలిస్తే ఎక్కువ చేసి పోయారు. లైట్లు ఆపేసి చీకట్లో అన్నం తిన్నారు రెండు రోజులు. ఫ్రిజ్జు ఆపితే పాలు విరిగాయి. ఆంజి మెయిన్ స్విచ్చి కూడా కట్టేసి చూశాడు, మీటరు ఆగింది గానీ కంపెనీ మెసేజిలు ఆగలేదు. చివరికి గురప్ప సగంరోజు జీతం పోతే పోయిందని, ఉతికిన చొక్కా వేసుకుని, కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మిర్కాబ్‌లోని కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు.

టోకెను నూటపదిహేడు. ఎదురుగా గాజు వెనక కూర్చున్నావిడ పేరు చదివి గురప్పకి ప్రాణం లేచొచ్చింది. కుముదిని. అడిగితే విజయవాడ అంది.

"చెప్పండి," అంది ఆవిడ, టేబుల్ మీద ఎగురుతున్న కాగితాల మీద స్టేప్లరు పెడుతూ. "మీ గాలిని కాస్త అటు జరగమనండి, ఫైళ్ళు కలిసిపోతాయి."

గురప్ప పక్కకి జరిగాడు. గాలీ జరిగింది. మొదట్నించీ చెప్పుకొచ్చాడు, మధ్యలో రెండుసార్లు తికమకపడి మళ్ళీ మొదటికొచ్చాడు. కుముదిని ఓపిగ్గా విని కంప్యూటర్లో చూసింది.

"మార్చి తర్వాత మావాళ్ళు మీటరు చూసి వేయడం మానేశారండీ. ఇంట్లో ఎంతమంది, ఏసీలు ఎన్ని అని అంచనా వేసి కట్ చేస్తున్నారు. మీ ఫ్లాట్‌లో ఎంతమంది?"

"నలుగురం మేడమ్."

"ఇక్కడ పదకొండు అనుందే!"

ఆవిడ ఫారం తీసి గాజు కింద నుంచి తోసింది. వెంకీ చదివి చెబితే గురప్ప తన చేత్తో నింపిన ఫారమే. కుటుంబ సభ్యులు అన్న చోట వరసగా పదకొండు పేర్లున్నాయి. గురప్ప, ఆంజి, సూరిబాబు, వెంకీ. తర్వాత గంగారత్నం, వెంకటేశ్వరి, వాళ్ళవ్వ, తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలిద్దరు.

"వీళ్ళంతా ఎక్కడుంటారండీ?"

"కోడూరు దగ్గర, మా పల్లెలో."

"మరి ఖైతాన్ ఫ్లాట్‌లో ఉన్నట్టు రాశారేం?"

గురప్ప బిత్తరపోయాడు. "కుటుంబ సభ్యులు అని అడిగినారు గద మేడమ్. రేషన్ కార్డులో రాసినట్టే రాసినా. నా సంపాదనతో తినేవాళ్ళందరినీ రాసినా. ఒకరిని ఇడిస్తే బాగుండదని."

కుముదిని నవ్వబోయి ఆగిపోయింది. ఎర్ర పెన్ను తీసి ఇచ్చింది. "ఇక్కడ లేనివాళ్ళ పేర్లు మీ చేత్తోనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టండి. కట్ చేసిన డబ్బు వెనక్కి వస్తుంది."

డబ్బు వెనక్కి వస్తుందంటే గురప్పకి పెన్ను బరువుగా ఉండకూడదు. అయినా ఉంది. పిల్లలిద్దరినీ కొట్టేశాడు. మరదల్ని, తమ్ముణ్ణి కొట్టేశాడు. "క్షమించుమ్మా" అనుకుంటూ తల్లిని కొట్టేశాడు. గంగారత్నం పేరు కూడా కొట్టేశాడు. కూతురి పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

వెనక నూటపద్దెనిమిదో టోకెనాయన దగ్గాడు.

"ఈ ఒక్కటి వదిలేయండి మేడమ్. ఈ పిల్ల వంతు కరెంటు నేను కట్టుకుంటా."

"అట్లా కుదరదండీ. పేరుంటే మనిషుండాలి. రేపు చెకింగుకి వస్తే ఎవర్ని చూపిస్తారు?"

"ఆ పిల్ల 'లేదు' అని నా నోటితో చెప్పలేను మేడమ్," అన్నాడు గురప్ప. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాలుగేళ్ళయింది చూసి. ఇప్పుడు నేనే కొట్టేస్తే ఇంగేమి మిగుల్తాది?"

స్టేప్లరు కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి. కుముదిని వాటి వంక చూసి కీబోర్డు దగ్గరకి లాక్కుంది.

"మీ ఇంట్లో నలుగురు కాకుండా ఇంకొకరున్నారుగా. ఇదిగో, ఇదే. దీన్ని ఏసీల గడిలో రాయబట్టే బిల్లు ఇంకా పెరిగింది. మనుషుల గడిలో రాస్తాను. ఐదో మనిషి, కరెంటు వాడదు. ఇల్లు చల్లగా ఎందుకుందో కారణం కూడా దొరికింది. పేరు మాత్రం మీరు కొట్టెయ్యని పేరే."

"ఏం పేరు మేడమ్?"

"వెంకటేశ్వరి," అంటూ ఆవిడ టకటకా కొట్టింది. కంప్యూటరు ఎర్రగా అరవలేదు. పచ్చగా వెలిగింది. ఫారం మీద గుండ్రటి స్టాంపు ధడేలున పడింది. "ఖలాస్. నెల రోజుల్లో డబ్బు వచ్చేస్తుంది. నూటపద్దెనిమిది!"

గురప్ప కిందికి దిగి, రోడ్డు దాటి, బస్సు కోసం నిలబడ్డాడు. మెడ మీద ఏదో పాకినట్టయితే చీమనుకుని తుడుచుకున్నాడు. చెయ్యి తడిగా ఉంది. అటూ ఇటూ చూశాడు. మిర్కాబ్ ఎండ నెత్తిన పడుతోంది, పక్కనున్న చెట్టు ఆకు కదలడం లేదు. గాలి లేదు.

ఆఫీసులో మర్చిపోయానేమోనని తిరిగెళ్ళి చూశాడు. కుముదిని టేబుల్ మీద కాగితాలు బుద్ధిగా పడున్నాయి. ఆ రాత్రి ఫ్లాట్‌లో నలుగురూ తడిగుడ్డలు కప్పుకుని పొర్లారు. మర్నాడు గోదాములో బెంగాలీలు ఆయన పక్క వరసకి రాలేదు, ఆయన్ని చూసి జాలిగా టోపీ ఇచ్చారు. వారానికి ఆంజి షువైఖ్‌లో పాత ఏసీ ఒకటి బేరమాడి తెచ్చాడు. పావురం గూడుని సూరిబాబు మెల్లగా తీసి వంటింటి కిటికీలో పెట్టాడు. ఈసారి ఫారం ఆంజి పేరు మీద పెట్టారు, ఏసీ ఒకటి అని.

డబ్బు వచ్చింది. టికెట్టు దొరికింది. అంతా బాగానే ఉంది గానీ గురప్పకి ఏదో పారేసుకున్నట్టే ఉంది. పన్నెండేళ్ళు వెంట తిరిగినది, ఒక్క మాటైనా చెప్పకుండా పోయింది. తను ఏం తప్పు చేశాడో, ఏ కాగితంలో ఏం రాస్తే పోయిందో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆగస్టు తొమ్మిది మధ్యాహ్నం పల్లెలో ఆటో దిగేసరికి గురప్ప చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గంగారత్నం నీళ్ళచెంబుతో ఎదురొచ్చి, ఆయన మొహం చూసి నిలబడిపోయింది.

"ఏందయ్యా, చెమటలు కారుతాండాయి నీకు! ఎప్పుడూ లేనిది?" అని కొంగుతో తుడిచింది.

వరండాలో వెంకటేశ్వరి కూర్చునుంది. పొడుగైంది. ఆయన్ని చూసి లేవలేదు, లోపలికి పారిపోనూ లేదు. జడ దానంతటదే కదులుతోంది. గురప్ప మెట్టెక్కేసరికి మెడకి చల్లగా తగిలింది. ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు.

"వచ్చి నెల దాటింది, నాయనా," అంది ఆ పిల్ల. నాలుగేళ్ళలో ఆయన విన్న అతిపెద్ద మాట అది. "బడికి గూడా వస్తాది. మొదట బయమేసింది. గోనెసంచుల వాసన, కొత్త బియ్యం వాసన వస్తాంటే, ఇది యాడిదబ్బా అనుకున్నా." మెల్లగా జరిగి, ఆయన చొక్కా భుజం దగ్గర ముక్కు పెట్టి చూసింది. "ఇదే వాసన."

గురప్ప ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వు మళ్ళా పొయ్యేటప్పుడు దీన్ని తీస్కపోతావా?" అడిగింది, దాచుకోలేని దిగులుతో.

రాబోయే ఎండాకాలాలన్నీ, గోదాము రేకుల షెడ్డూ గురప్ప కళ్ళముందు ఒక్కసారి తిరిగాయి.

"లేదు పాపా. నీ పేరు మీద రాసిండాను," అన్నాడు. "ఆఫీసులో స్టాంపు గూడా కొట్టినారు."

"అట్లయితే సరే," అని ఆ పిల్ల ఆయన పక్కకి జరిగి, గాలి ఇద్దరికీ తగిలేలా కూర్చుంది.